వరదమ్మ గారి వాకిలి

ఆఫీసులో అందరూ ఆమెను చాటుగా వరదమ్మ అంటారు. ఎంత వాన పడితే ఎంత నీరు నేలలో ఇంకుతుంది, ఎంత వీధిన పడి పారుతుంది, ఏ సందు మునుగుతుంది అని లెక్కకట్టడమే ఆవిడ ఉద్యోగం. కనబడిన ప్రతివాడికీ ఏళ్ల తరబడి ఒకటే పాట: "కాస్త మట్టినేల మిగల్చండి బాబూ! అంతా సిమెంటు చేస్తే ఆ నీళ్లు పల్లంలో వాళ్ల కొంపలు ముంచుతాయి." చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

శిక్షణకని పొరుగూరు వెళ్లి తిరిగొచ్చేసరికి సొంత వాకిలి అద్దంలా మెరుస్తోంది. గుమ్మంలో మొగుడు పెళ్లికొడుకులా నిలబడ్డాడు.

"వీధి మొత్తానికి మనదొక్కటే మట్టివాకిలి. పరువు పోతోందని సిమెంటు చేయించాను."

"నన్నొక్క మాట అడగకూడదూ?"

"అడిగితే వద్దంటావుగా! అయినా నువ్వు చెప్పినట్టే చేశాను. నీళ్లు నిలవకూడదంటావు కదా, వీధిలోకి వాలు పెట్టించాను."

ఆవిడకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. తను అలా అన్నది మేడ కప్పు గురించి.

ఆ సాయంత్రమే వాన దంచికొట్టింది. వాకిట్లో చుక్క నిలవలేదు. గేటు దాటి పరుగెత్తే నీళ్లను చూసి మొగుడు మురిసిపోతుండగా ఫోను మోగింది. వీధి చివర పల్లంలో ఉండే చెల్లెలు.

"అక్కా, ఇన్నాళ్లూ మెట్టు దగ్గర ఆగే నీళ్లు ఇవాళ హాల్లోకి వచ్చేశాయే! ఎగువన ఇంకెవడో బుద్ధిలేనివాడు సిమెంటు చేయించినట్టున్నాడు. రోజూ లెక్కలు కడతావుగా, ఆ వెధవెవడో చెప్పు!"

ఆవిడ ఫోను మొగుడి చేతిలో పెట్టింది.

"మీ మరదలు. మీ గురించే అడుగుతోంది."