ఇద్దరు సూర్యుల ఇల్లు

ఫోటో దిగడమంటే పండగంత పని అయిన కాలం మాది. మా మార్కాపురంలో పెద్దమనుషులు సైతం స్టూడియోకి వస్తే ఊపిరి బిగబట్టి, కళ్లు పెద్దవి చేసి, ఇంజక్షను వేయించుకోబోతున్న వాళ్లలా నిలబడేవారు. ఇప్పటి పిల్లలు అన్నం తినేముందు కంచానికి కూడా ఫోటో తీస్తున్నారు. అందులో నాకేమీ ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదంతా మొన్న వేసవిలో మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చి చూపించిన ఒక వింత గురించి. ఖాళీగా ఉన్న మా హాలు వైపు ఫోను పెట్టి "చూడు తాతా" అంది. ఫోను తెరమీద, ఏమీ లేని ఆ మూలలో, ఓ ఉయ్యాల బల్ల ప్రత్యక్షమైంది. ఎవరైనా బల్లను చూస్తారు. నేను మాత్రం దాని నీడను చూశాను. కిటికీ ఎడమవైపు ఉంది, నీడ బుద్ధిగా కుడివైపు పడింది. కిటికీ తలుపు సగం మూస్తే నీడ కూడా పలచబడింది. ఆ పిల్ల ఉద్యోగమే అదట. గది బొమ్మను చూసి వెలుగు ఏ దిక్కు నుంచి వస్తోంది, ఎండదా దీపానిదా, తెల్లనిదా పసుపుదా అని ఫోను తనంతట తాను అంచనా వేసుకోవాలి. ఆ తర్వాతే లేని వస్తువును అక్కడ నిలబెట్టాలి. "వెలుగు కుదరకపోతే ఎంత మంచి బొమ్మయినా అతికించినట్టే ఉంటుంది తాతా" అంది. ఆ 'అతికించినట్టు' అనే మాట నా జీవితంలో నాకు కొత్త కాదు.

మీసం మొలిచీ మొలవని వయసులో నేను మా ఊళ్లో ఒక స్టూడియోలో పనికి కుదిరాను. యజమానిని ఊరంతా లైటుమామ అనేవారు. (ఆయన ఎవరికీ మామ కాదు. అయినా ఎనభయ్యేళ్ల ముసలాయన కూడా ఆయన్ని మామా అనే పిలిచేవాడు.) పలకల ఫ్యాక్టరీల దుమ్ము గాలికి వచ్చి కెమెరా మీద వాలేది కాబట్టి తుడవడం నా మొదటి విద్య. రెండో విద్య దిద్దడం. మొహం మీద మచ్చలు తీసేయడం, లేని మీసానికి కొంచెం సాయం చేయడం, చనిపోయిన పెద్దాయన్ని కుటుంబం ఫోటోలో కూర్చోబెట్టడం. ఒకరి ఫోటోలోంచి మనిషిని బ్లేడుతో కత్తిరించి, అంచులు వెనకనుంచి గరుకు కాగితంతో రుద్ది పలచన చేసి, ఇంకో ఫోటో మీద అతికించి, కుంచెతో సర్ది, మొత్తాన్ని మళ్లీ ఫోటో తీయాలి. నేను ఏ పనైనా పద్ధతిగా చేసేవాణ్ని. ఆ పద్ధతే నా కొంప ముంచింది.

మా అన్నకు గిద్దలూరు సంబంధం వచ్చింది. అక్కడ కాపురం ఉన్న మా మేనత్త తెచ్చింది. వాళ్లూ సేద్యం చేసుకునే వాళ్లే. పిల్ల తండ్రి లేనిది, అవ్వ పెంపకం, అందుకని ఆ అవ్వ మాటే ఆ ఇంట్లో చివరి మాట. "కొత్త ఇల్లు కట్టినారంటివి గదా. పిల్లోడు ఆ ఇంటి ముందర నిలబడుకోని ఉండే ఫోటో పంపీమను" అందట అవ్వ. ఉత్తరపు వాకిలి, నాలుగు రాతి స్తంభాలు అని మా మేనత్త అప్పటికే బాగా ఊదరగొట్టి ఉంది. ఇల్లు ఉంది, అన్న ఉన్నాడు. అయితే అన్న దోర్నాలలో అడవి చెక్‌పోస్టు దగ్గర గుమస్తా. సెలవు దొరకలేదు. మేనత్త మర్నాడు సాయంత్రమే రైలెక్కాలి. అమ్మ తల పట్టుకుంది. నేను ముందుకు వచ్చి "అన్న లేకపోతే ఏంది? నేను నిలబెడతా" అన్నాను.

లైటుమామ పనిమీద కురిచేడు వెళ్లి ఉన్నాడు. అదే నాకు కలిసొచ్చిందనుకున్నాను. ఉదయాన్నే మా ఇంటిని ఫోటో తీశాను. అన్న ఎప్పుడో స్టూడియోలో దిగిన నిలువెత్తు ఫోటో ఉంటే కత్తిరించి మెట్ల పక్కన, మొదటి స్తంభం దగ్గర అతికించాను. బ్రహ్మాండంగా ఉంది. కానీ నేల మీద ఆనకుండా గాల్లో తేలుతున్నట్టున్నాడు. నీడ లేదు! అక్కడ నా పద్ధతి పనిచేసింది. భూతద్దంతో అన్న మొహం పరీక్షించాను. స్టూడియో దీపం మా కుడివైపు ఉండేది కనుక ఫోటోలో కుడివైపు చెంప తెల్లగా మెరుస్తోంది. అంటే నీడ ఎడమకు పడాలి. నల్లరంగు పలచగా కలిపి, ఎడమవైపుకు సాగే చక్కని నీడను, భుజాలతో సహా, దిద్దాను. మొహం చూసి నీడను లెక్కకట్టిన కుర్రవాడు ఈ తాలూకాలో ఇంకొకడు లేడని నా ఛాతీ ఉప్పొంగింది. పక్కనే ఉన్న స్తంభాన్ని మాత్రం చూడలేదు. ఉదయపు ఎండకు నాలుగు స్తంభాల నీడలూ కుడివైపుకు పడి ఉన్నాయి.

వారం తిరక్కుండా మేనత్త రైలు దిగి వచ్చింది. చెప్పులు విప్పకముందే నాయన మీద మొదలుపెట్టింది. "అన్నా, నా మొగాన పేడ కొట్టినారు గదా! ఆ అవ్వ ఏమందో తెలుసునా? 'స్తంభాలకేమో పొద్దు తూర్పున పొడిచింది, పిల్లోడికేమో పడమట పొడిచింది. ఇద్దరు సూర్యులుండే ఇంటికి మా పిల్లనెట్ల ఇచ్చేది? ఇల్లు ఎవరిదో, పిల్లోడు ఎవరో, అతికించి పంపినారు' అనింది. నలుగురిలో అనింది!"

నాయన ఆమె చేతిలోని ఫోటో తీసుకుని వెలుతురులోకి వెళ్లి చూశాడు. "ఏందిరా ఇది? ఇల్లు మనదే, పిల్లోడు మనోడే. ఉన్నదాన్ని లేనట్టు చేసినావు గదరా!" అన్నాడు. ఇంతకంటే కచ్చితంగా నా ఘనకార్యాన్ని ఎవరూ వర్ణించలేదు. అబద్ధాన్ని నిజమని నమ్మించిన వాళ్లను చూశాం. నిజాన్ని ఇంత కష్టపడి అబద్ధం చేసినవాణ్ని నేనొక్కణ్నే. నాయన మాత్రం పట్టుదల మనిషి. "వాళ్లనే వచ్చి చూసుకోమను" అని కబురు పంపాడు.

అవ్వ తన ఇద్దరు కొడుకులతో దిగింది. అన్న ఎలాగో సెలవు పెట్టి వచ్చాడు. నాయన "కూర్చో అత్తా, మజ్జిగ తాగుదువు" అంటుంటే అవ్వ చేత్తో ఆపింది. "మజ్జిగ యాడికీ పోదు నాయనా. ముందు పిల్లోన్ని ఫోటోలో ఉన్నకాడ నిలబెట్టు. నీడ ఎటు పడతాదో చూస్తా." అన్న టెర్లిన్ చొక్కా వేసుకుని స్తంభం పక్కన నిలబడ్డాడు. అందరం నేలవైపు చూశాం. నీడ లేదు. మృగశిర కార్తె మబ్బు ఊరంతా కమ్మేసి ఉంది. "ఏందమ్మా, మొన్న ఇద్దరు సూర్యులు, ఈరోజు ఒక్కడూ లేడే!" అన్నాడు అవ్వ పెద్దకొడుకు. అంతా నవ్వారు, మా ఇంటివాళ్లు తప్ప. అవ్వ అరుగు మీద చతికిలబడి "ఉందాం. పొద్దు రాక యాడికి పోతాది" అంది.

అలా మొదలైంది ఎదురుచూపు. సొంత ఇంటి ముందు మా అన్న దొంగలా నిలబడ్డాడు. కూర్చోమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. మధ్యమధ్యలో నావైపు చూసేవాడు. తిట్టినా బాగుండేది. ఆ చూపుకు నేను గాదె వెనక్కి వెళ్లి దాక్కున్నాను. (దాక్కున్నా సందులోంచి కనబడుతూనే ఉంది.) అవ్వ ఊరికే కూర్చోలేదు. బావి నీళ్లు రుచి చూసింది, వంటింట్లోకి తొంగి చూసింది, అమ్మతో చుట్టరికం ఒకటి లాగింది. ఇంతలో మా దూడ తాడు తెంపుకుని వచ్చి అన్న ప్యాంటు నాకడం మొదలుపెట్టింది. అన్న కదలకుండానే, అలవాటుగా, దాని మెడ కింద గోకుతూ నిలబడ్డాడు. అవ్వ మాటలాపి అటే చూస్తూ ఉండిపోయింది.

మిట్టమధ్యాహ్నం మబ్బు విడింది. అందరం వాకిట్లోకి పరిగెత్తాం. నడినెత్తిన సూర్యుడు. అన్న నీడ అటూ పోలేదు, ఇటూ పోలేదు, గుండ్రంగా కాళ్ల కింద ముడుచుకుని ఉంది. అవ్వ ఆ నీడను చూసి, దూడను చూసి, బోసినోటితో నవ్వింది. "ఇంక చాల్లే, కూర్చో నాయనా. ఇంటి మనిషికి నీడ ఇట్ల కాళ్లకాడనే ఉంటాది" అంది. ఆ తర్వాత "ఫోటోలో నీడ పెట్టినోడు యాడ?" అని అడిగింది. అన్ని వేళ్లూ గాదె వైపు తిరిగాయి. నన్ను బయటికి లాక్కొచ్చారు. "పెండ్లికి ఫోటోలు నువ్వు తియ్యమాక నాయనా, మాకు ఒక్క సూర్యుడు చాలు" అంది. వాకిలంతా గొల్లుమంది, ఆ నవ్వులు ఇప్పటికీ నా వీపు మీద ఉన్నాయి. కలం పట్టిన నాటి నుంచీ డైరీ మానని నేను, ఆ రోజు రాసింది ఒకే మాట: 'మబ్బు.' లైటుమామ ఆ ఫోటో చూసి తిట్టలేదు, "మనిషినే చూసినావు. చుట్టూ చూడలేదు" అన్నాడంతే. కొద్ది నెలలకే నేను కుంచె వదిలి, నీడలతో పనిలేని ప్రభుత్వ ఉద్యోగంలో చేరిపోయాను.

అన్న పోయి కొన్నేళ్లయింది. మొన్న మనవరాల్ని తీసుకుని వదినను చూడటానికి మా పాత ఇంటికి వెళ్లాను. ఆ నాటి ఫోటో అక్కడ గోడకు ఉంది, నీడతో సహా. మనవరాలు కథంతా విని పడిపడి నవ్వి, ఫోటోలోంచి పెదతాతను ఫోనులోకి తీసుకుని, వాకిట్లోకి వెళ్లి అదే స్తంభం పక్కన నిలబెట్టింది. సాయంత్రపు ఎండ. అన్న చెంప మీది తెల్లని వెలుగు పసుపుకు తిరిగింది. స్తంభం నీడా, అన్న నీడా పక్కపక్కనే ఒకే దిక్కుకు సాగాయి. వదిన ఫోను పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇప్పుడు సరిపోయింది వదినా. మీ అవ్వ ఉంటే తప్పు పట్టలేకపోయేది" అన్నాను.

"అవ్వా? ఆమెకు ఫోటోలో ఇల్లేదో మనిషేదో ఆనేదే కాదయ్యా, దగ్గరి చూపు పోయుండె!" అంది వదిన. "నీడ సంగతి అవ్వకు చెప్పింది నేనే."

"నువ్వా వదినా?" అన్నాను.

"ఆ ఫోటో నా దిండు కిందనే ఉండె. మొగం చూస్తి, చొక్కా చూస్తి, చెప్పులు చూస్తి. ఇంక చూసేదానికి ఏమీ మిగల్లా, నీడ చూస్తి. అవ్వ ఈ సంబంధమే వద్దనింది. ఒకసారి పోయి చూసిరా, నీడదేముంది అని నేనే తోలినా." ఫోనును మనవరాలి చేతికిచ్చేసి, "ఇది బాగుందమ్మా. గోడకుండేది మాత్రం ముట్టుకోమాక" అని లోపలికి వెళ్లింది.

ఇంటికి వచ్చి మా పెళ్లిఫోటో బయటికి తీశాను. లైటుమామ తీసింది, నీడలన్నీ ఒకే దిక్కున, ఒక్క తప్పు లేదు. "ఇందులో నీడలు ఎటు పడ్డాయో ఎప్పుడైనా చూశావా?" అని మా ఆవిడను అడిగాను. "మీ మొహం చూసేసరికే సరిపోయింది" అని వంటింట్లోంచి జవాబొచ్చింది. ఇన్నేళ్లు సిగ్గుతో తలుచుకున్న ఆ కుర్రవాడు మళ్లీ కళ్లముందు కదిలాడు. భూతద్దం పట్టుకుని, పక్కనున్న స్తంభం వైపు ఒక్కసారి కూడా తల తిప్పకుండా, నాలుక కొరుక్కుంటూ నీడ దిద్దుతున్నాడు. ఒరేయ్, అటు చూడరా అని పిలుద్దామనుకున్నాను. ఎందుకులే, పద్ధతిగా పనిచేసుకుంటున్నాడు, చేసుకోనీ అని ఊరుకున్నాను.