అరిటాకు కొలతకు దొరికిన బల్ల

విమల వదిన నెలాఖరుకి హామిల్టన్ వదిలి, విమానంలో నాలుగు గంటల దూరమున్న కాల్గరీలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోందని తెలిసినప్పటి నుంచి నాకు ఒకటే పట్టుదల. వెళ్ళేలోగా ఆమెను మా ఇంట్లో ఇంకొక్కసారి బంతిలో కూర్చోబెట్టాలి. ఆమె నాకు చుట్టం కాదు. ఆమె మత్తు డాక్టరుగా, నేను ల్యాబులో, ఒకే ఆస్పత్రిలో ఏళ్ళ తరబడి పనిచేశాం. ఆమెది వరంగల్, మాది రాజమండ్రి. ఆటపట్టించుకోవడానికి ఏదో ఒక వరస కావాలి కదా, అందుకని "వదినా" అని పిలుచుకోవడం మొదలుపెట్టాం. ఉద్యోగాలు రిటైరయ్యాయి గానీ ఆ వరస రిటైర్ కాలేదు.

మా స్నేహితులందరికీ ఏటా ఒకసారి మా ఇంట్లో అరిటాకు భోజనం. కార్తీకంలో చేయాల్సిన వనభోజనమే అది. కానీ ఇక్కడ కెనడాలో కార్తీకం వచ్చేసరికి మంచు పడుతుంది కాబట్టి సెప్టెంబరులోనే, బేస్‌మెంట్‌లో దుప్పట్లు పరిచి కానిచ్చేస్తాం. వనం లేని వనభోజనం అని మావారి వెక్కిరింత. పోయినేడు భోజనాలయ్యాక వదిన నేల మీంచి లేవలేకపోయింది. చెరో రెక్కా పట్టుకుని నేనూ మావారూ లేపాం. అప్పటికి నవ్వేసింది గానీ, వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ మెల్లగా అంది, "ఇగ నన్ను బంతికి పిలవకు వదినా. అందరు కింద కూసుంటే నేనొక్కదాన్ని కుర్చీల కూసొని ప్లేట్ల తినుడు నాతోని కాదు." ఆ మాట ఏడాదిగా నాకు మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

పోనీ డైనింగ్ టేబుల్ మీద వడ్డిద్దామంటే, ఎదురెదురుగా కూర్చుంటే అది విందు అవుతుంది గానీ బంతి కాదు. బంతిలో అందరూ ఒకే వరసన, ఒకే వైపు కూర్చోవాలి. వడ్డించేవాళ్ళు ఎదురుగా నడుచుకుంటూ రావాలి. దానికి బాగా పొడుగ్గా, ఆకు పట్టేంత సన్నగా ఉండే బల్ల కావాలి. కొత్త ఫర్నిచర్ షాపుల్లో అలాంటిది లేదు. మాకు దగ్గర్లోని ఎలోరా అనే ఊరి బయట ఒక పాత బార్న్‌లో, అంటే ఒకప్పుడు పశువుల గడ్డి దాచుకున్న కొట్టంలో, పాతకాలపు సామాను అమ్ముతారని విని ముందుగా ఫోన్ చేశాను. సన్నటి బల్లలు రెండు ఉన్నాయన్నారు.

తీసుకురావడానికి వ్యాన్ కావాలి. వదినది పెద్ద మినీవ్యాన్, వచ్చే వారం అమ్మేస్తోంది. "అమ్మేలోపు ఒక్కసారి నన్ను ఎలోరా తీసుకెళ్ళవా? మావారు పాత బల్ల కావాలంటున్నారు" అని సగం నిజం చెప్పాను. అది తన కోసమేనని తెలిస్తే ఆమె కదలదని నాకు తెలుసు. కొలత కోసం ఫ్రీజర్‌లోంచి ఒక అరిటాకు తీసి, తువ్వాల్లో చుట్టి, చేతిసంచిలో పెట్టుకున్నాను.

శనివారం పొద్దున ఎనిమిదింటికి బయలుదేరాం. హామిల్టన్ నుంచి ఆరో నంబరు హైవే మీద ఉత్తరంగా, గ్వెల్ఫ్ మీదుగా వెళితే ఎలోరాకి గంటంబావు. ఆ రోజు దారంతా పొగమంచు. పొలాలు లేవు, చెట్లు లేవు. ఉన్నట్టుండి ఒక ధాన్యపు గాదె తల, కాసేపటికి ఒక తెల్ల గుర్రం మెడ, అంతే కనిపించి మళ్ళీ కరిగిపోతున్నాయి. ఎక్కడో పైన కెనడా బాతుల అరుపు వినిపిస్తోంది గానీ బాతులు కనిపించడం లేదు. వదిన అద్దం కొంచెం దించి, తడిగాలి మొహానికి తగలనిచ్చింది. మేమిద్దరం ఎక్కడికీ పోవడం లేదనీ, రోడ్డే మా కిందుగా నెమ్మదిగా జరుగుతోందనీ అనిపించింది. కాల్గరీ అనే ఊరు ఆ కాసేపూ ఎక్కడా లేదు.

"ఎవరో పోయినోళ్ళ సామాను. దయ్యాన్ని పైసలిచ్చి మరీ ఇంటికి తెచ్చుకుంటరా?" అంది వదిన, గ్వెల్ఫ్ దాటాక.

"దయ్యం వస్తే రానీ. గిన్నెలు తోమడానికి పనికొస్తుంది" అన్నాను.

బార్న్ పదింటికి గానీ తెరవరు. అందుకని ఎలోరాలో నది పక్కన ఒక చిన్న బేకరీలో ఆగాం. తెల్ల సున్నపురాతి గోడలు, కిటికీ నిండా నీళ్ళ చప్పుడు. ఇద్దరికీ గుమ్మడికాయ సూపు, రొట్టె, కాఫీ కలిపి ముప్ఫై డాలర్ల లోపే అయింది. వదిన ఒక చెంచా సూపు తాగి, పక్కకి చూసి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కారప్పొడి సీసా తీసి చల్లుకుంది. వంటావిడ చూడనే చూసింది. కోపం వస్తుందేమో అనుకున్నాను. ఆవిడ వచ్చి, వేలితో కొంచెం పొడి అద్దుకుని నాలిక మీద వేసుకుంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "రేపటి సూపులో ఇది పడాలి" అంది. వదిన సీసా ఆవిడకే ఇచ్చేసింది.

మేం బార్న్ చేరేసరికి మంచు విడుతోంది. లోపల అడుగుపెట్టగానే గొంతులు వాటంతటవే తగ్గిపోయాయి. చెక్కల సందుల్లోంచి ఎండ సన్నటి చారలుగా పడుతోంది, ఆ చారల్లో దుమ్ము నెమ్మదిగా తిరుగుతోంది. దూలాలకి కుర్చీలు వేలాడుతున్నాయి. గోడ నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము దగ్గర ఆగిపోయి ఉన్నాయి. మసకబారిన అద్దాల్లో మేమిద్దరం కొంచెం చిన్నవాళ్ళలా కనిపించాం. పాత చెక్క వాసన, ఎక్కడో నిల్వ పెట్టిన ఆపిల్ పళ్ళ వాసన. ఆ సామాను తాలూకు ఇళ్ళవాళ్ళందరూ ఇప్పుడే పక్కగదిలోకి వెళ్ళారనీ, మాటలు అయిపోగానే వచ్చి ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుంటారనీ అనిపించింది. పువ్వుల అంచు ఉన్న పింగాణీ పళ్ళేలు ఒక్కోటి ఆరేడు డాలర్లు, అన్నీ ఒకే రకంగా ఉండవు. ఇంటికి వచ్చినవాళ్ళకు ఫలహారం పెట్టడానికి నాకవే ముద్దొచ్చాయి. గాజు సామాను అంచు మీద వేలు నడిపి చూసుకోండి, పెచ్చు ఊడి ఉంటే కంటికంటే వేలికే ముందు తెలుస్తుంది. చెక్క సామాను అయితే అడుగున వంగి చూడండి. పురుగు బెజ్జాల కింద కొత్త పొడి రాలి ఉంటే, ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

బల్లలు కొట్టం చివర ఉన్నాయి. అక్కడి చిన్న చర్చి పడగొట్టినప్పుడు దాని హాల్లోంచి వచ్చాయట. దేవదారు పలకలు, ఒక్కోటి ఎనిమిదడుగుల పొడుగు, మూరకంటే కాస్త ఎక్కువ వెడల్పు. జతగా రెండు బెంచీలు. షాపు పెద్దాయన దుమ్ము తుడుస్తుంటే నేను సంచిలోంచి తువ్వాలు తీసి, మెత్తబడ్డ అరిటాకు విప్పి, బల్ల మీద పరిచాను. అడ్డంగా సరిగ్గా పట్టింది. ముందు గ్లాసు పెట్టుకోవడానికి కూడా చోటు మిగిలింది.

తిరిగి చూశాను. వదిన ఆకునే చూస్తోంది.

"ఇది అన్నయ్య కోసం కాదు" అంది.

"కాదు."

"నేను రానని చెప్పిన కదా."

"కింద కూర్చోనన్నావు. అందరం పైనే కూర్చుంటే?"

ఆమె ఒక అద్దం దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి నిలబడింది. నాకు భయమేసింది. పెద్దాయన మా ఇద్దరినీ చూసి, ఆకు వైపు చెయ్యి చూపించి, "ఇది దేనికి?" అని అడిగాడు. వరసగా కూర్చుని ఆకులో తినడం గురించి చెప్పాను. ఆయన మొహం వెలిగింది.

"ఇవి మా చర్చివే. మా హాల్లో కూడా అంతే. హాలు చాలా చిన్నది. అందుకని ఈ బల్లలు గోడవారగా వేసి, గోడకీ బల్లకీ మధ్య బెంచీ వేసేవాళ్ళు. ఒకవైపే కూర్చోవడం. ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని ఎదురుగా తిరిగేవాళ్ళు. చిక్కేమిటంటే, చివర కూర్చున్న మనిషి లేస్తే తప్ప లోపలివాళ్ళు బయటికి రాలేరు. మా అమ్మ మహా నిదానంగా తినేది. ఆవిడ చివర కూర్చుందంటే సాయంత్రం దాకా అందరూ ఖైదీలే."

అద్దంలో వదిన నవ్వడం కనిపించింది. వచ్చి బెంచీ మీద కూర్చుంది. మోకాళ్ళు చాపింది, ముడిచింది. బల్ల అంచు పట్టుకుని లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. ఆ తర్వాత ఆకును చూసి మొహం చిట్లించింది.

"ఆకు కొస ఎడమ దిక్కు రావాలె. కుడి దిక్కు పెట్టినవ్. ముప్ఫై ఏండ్ల నుంచి వడ్డిస్తున్నవ్, ఇంత కూడ తెల్వదా?"

నా ప్రాణం లేచొచ్చింది. వెంటనే వదినే బేరానికి దిగింది. దయ్యాల మాట ఎటు పోయిందో తెలియదు. బల్లలూ బెంచీలూ కలిపి నాలుగొందల డాలర్లు చెప్పినవాడు మూడొందల ఇరవైకి దిగాడు. ఇలాంటి చోట్ల విడివిడిగా కాకుండా కలిపి అడిగితే తగ్గిస్తారు.

వదిన వ్యాన్‌లో సీట్లు మడవడానికి వెళ్ళినప్పుడు, గాజు అలమరలో ఒక వస్తువు నా కంటపడింది. వెండి పూత వేసిన చట్రం, అందులో కూర్చోబెట్టిన గాజు సీసా, పైన మూత, పక్కన కొక్కేనికి చిన్న పటకారు. ఊరగాయ సీసా అట! పూర్వం ఇక్కడి ఇళ్ళలో అతిథులొస్తే బల్ల నడిమధ్య పెట్టేవారట. మనం ఆవకాయని జాడీలో పెట్టి, వాసెన కట్టి, ఎవరి కంటా పడకుండా అటకెక్కిస్తాం. వీళ్ళు ఏకంగా సింహాసనం వేశారు. తొంభై డాలర్లు ఇచ్చి, ఆకు చుట్టిన తువ్వాల్లోనే దాచేశాను. కాళ్ళు విప్పిన బల్లలు మా ఇద్దరి మధ్య డ్యాష్‌బోర్డ్ దాకా చొచ్చుకొచ్చాయి. తిరుగు దారిలో పొలాలన్నీ బంగారు రంగులో కనిపించాయి. వదిన స్టీరింగ్ మీద ఒక చెయ్యి, బల్ల మీద ఒక చెయ్యి వేసి, ఏదో పాత పాట కూనిరాగం తీస్తూ నడిపింది.

ఇంటికొచ్చాక తెలిసింది నా తెలివి. బల్లకి ఆకు సరిపోతుందో లేదో కొలిచాను గానీ, మా బేస్‌మెంట్ మెట్ల మలుపులో బల్ల పడుతుందో లేదో కొలవలేదు. మావారు ఎటు తిప్పినా అది మలుపు తిరగలేదు. చివరికి గ్యారేజీలోనే వేశాం.

మరుసటి ఆదివారం గ్యారేజీ తలుపు పైకెత్తి, గోడవారగా బల్లలు, గోడ పక్కన బెంచీలు వేసి ఎనిమిది ఆకులు పరిచాం. లోపలి కొసకి ఫ్రీజర్ అడ్డం. బయటి కొసన వదిన. అందరికీ స్వెట్టర్లు. మేపుల్ ఆకులు గాలికి లోపలికి దొర్లి వచ్చి కాళ్ళ దగ్గర చేరుతున్నాయి. నేనూ మావారూ ఎదురుగా నడుస్తూ పప్పు, పులిహోర, గుత్తివంకాయ, పెరుగు వడ్డించాం. ఊరగాయ సీసాని ఆవకాయతో నింపి వదిన ముందు పెట్టాను. ఆమె పటకారుతో ఒక ముక్క తీసి, దాన్ని చాలాసేపు చూసింది.

"ఇది నీకే" అన్నాను.

"ఎవరి ఎంగిలో ఏమో" అంది గానీ, సీసాని రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. "నిండు గిన్నె ఇచ్చినవ్. ఒట్టి గిన్నె తిరిగియ్యొద్దంటరు. ఇది ఒడిసిపోయినంక నింపుకొని రావాలె కదా వదినా నేను."

అందరి భోజనాలూ అయిపోయాయి. వదిన ఆకులో మాత్రం ఒక్క ముద్ద పెరుగన్నం మిగిలి ఉంది. ఆమె తినలేదు. చేతులు ఎండిపోతున్నాయని లోపలి కొస నుంచి ఎవరో అరిచారు. "ఆగుండ్రి, నేనింక తింటున్న" అంది, ముద్దని ఆకు మీద అటూ ఇటూ జరుపుతూ. ఎండ గ్యారేజీలోంచి వెళ్ళిపోయింది. ఎవరూ మళ్ళీ అరవలేదు. ఎవరో పాత కబురు ఎత్తుకున్నారు, ఎవరో నవ్వారు. నాకు ఏడుపొచ్చి పెరుగు గిన్నె మార్చే వంకతో లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి కూడా ఆ ముద్ద అక్కడే ఉంది.

పాత సామాను ఎందుకు కొంటారని నన్ను చాలామంది అడుగుతారు. పోయినవాళ్ళ సామాను అనే మాట నిజమే. కానీ ఆ బల్లల మీద మాకంటే ముందు ఎంతోమంది పక్కపక్కనే కూర్చుని, చివరి మనిషి కోసం ఆగారు. ఆ ఆగడం చెక్కలో ఎక్కడో మిగిలిపోతుందని ఇప్పుడు నమ్ముతున్నాను. వదిన కాల్గరీ వెళ్ళిపోయింది. గ్యారేజీలో బల్లలు అలాగే ఉన్నాయి. చలికాలం వస్తోంది, కారు బయట పెట్టాల్సి వస్తుందని మావారు గొణుగుతున్నారు. గొణగనీ.

ఇలాంటి బల్ల కొనాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా. ఆకుతో పాటు మీ ఇంటి మెట్ల మలుపు కూడా కొలుచుకుని వెళ్ళండి, గోడవారగా వేయండి, వెళ్ళిపోయే మనిషిని మాత్రం బయటి కొసన కూర్చోబెట్టండి.