నట్టల మందు మీద ఆముదం

ఆరు నెలలుగా ఈ సంగతి చెబుతున్నాను. పందులు మేపేవాడి మాట కదా, ఇంతవరకూ ఎవరూ వినలేదు.

ముత్తుకూరు దగ్గర మాకు రెండు తల్లిపందులుండేవి. పెద్దది చిక్కిపోతూ వచ్చింది. పెంటలో ఏలిక పాములు పడ్డాయి. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు నట్టల మందు పొడిని పొట్లం కట్టి ఇచ్చాడు. మందు పోశాక ఆముదం పట్టించాలా అని అడిగాను. పిల్లలకైనా పశువులకైనా మా ఇళ్లలో అదే పద్ధతి: ముందురోజు పస్తు, తెల్లారి మందు, వెంటనే ఆముదం. చచ్చిన పురుగులన్నీ ఊడ్చుకుపోవాలని. ఆయన ఫోనులోంచి తల ఎత్తలేదు.

"పందికి గూడా పథ్యం అడగతుండావేంది అన్నా? మీ నాయన చేసినట్టే చెయ్యి, పో."

బెంచీ మీది రైతులు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

నాయన చేసినట్టే చేశాను. గంటలోపే పందికి విరేచనాలు పట్టుకున్నాయి. పది రోజులకు చచ్చిపోయింది. పూడ్చేముందు, నా భార్య వద్దంటున్నా, పొట్ట కోశాను. పేగు నిండా పాములు తాడు పేనినట్టు బిగుసుకుని ఉన్నాయి. కొన్ని ఇంకా కదులుతున్నాయి. వాటిని సీసాలో వేసుకుని ఆసుపత్రికి పోతే వాసనని గుమ్మంలోనే ఆపేశారు.

ఆ సీసాతోనే కావలి పోయాను. అక్కడి పశువుల డాక్టరమ్మ కుర్చీ చూపించి మరీ చెప్పారు. ఇలాంటి మందులు చాలావరకు నీళ్లలో సరిగా కరగవట. పేగులో మెల్లగా సాగుతూ ఉంటేనే పాము తన చర్మం గుండా పీల్చుకుంటుందట. కొంత పంది రక్తంలోకి చేరి, కాలేయంలో రూపు మారి, ఆ రూపంలోనూ పురుగు మీద పనిచేస్తుందట. ఇంకోసారి మారాక ఆ బలం పోతుందట.

"నిలవాల్సిన మందును ఆముదంతో మీరే తోసేసినట్టున్నారు," అన్నారు. మందుకు లొంగని పాములు కూడా ఉంటాయి, ఏ మందో తెలిస్తే చెప్పగలనన్నారు. పొట్లం మీద పేరు లేదు.

ఇంట్లో చెబితే నా భార్య, "అయితే చంపింది మనమేగా," అంది. ఒప్పుకుంటాను, సగం.

ఇప్పుడు రెండోది చూలుతో ఉంది. దాని పెంటలోనూ పాములు పడుతున్నాయి. పనిచేయని మందే మళ్లీ పడితే కష్టం, పేరు కనుక్కుని రమ్మన్నారు డాక్టరమ్మ. మా ఆసుపత్రికి మూడు అర్జీలు పెట్టాను. కాంపౌండరు గారూ, మీరు కట్టిచ్చింది ఏ మందు? నా పంది ఈనేలోపు చెప్పండి.