పారేయడానికి వీల్లేని ఆట

ఆ రోజుల్లో నా ముఖం చూసుకుని నేనే మురిసిపోయేవాణ్ణి. అందగాణ్ణని కాదు (ఆ భ్రమ మా అమ్మకు తప్ప ఇంకెవరికీ లేదు). నా ముఖంలో ఏమీ కనిపించదని. రియాద్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మలాజ్‌లో ఒక లాండ్రీ పైన మాది రెండు గదుల ఇల్లు. రోజూ స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి, చేతిలో నాలుగు ఆసులున్నట్టు ఒకసారి, ఏమీ లేనట్టు ఒకసారి ఊహించుకుని, రెండుసార్లూ ముఖం ఒకేలా ఉంచడం సాధన చేసేవాణ్ణి. బయటనుంచి అమ్మ తలుపు తట్టి "కడుపులో బాగలేదారా?" అని అడిగేది. ఈ తపస్సంతా పోకర్ అనే పేకాట కోసం. ఫోన్లో ఉత్తుత్తి బిళ్ళలతో ఆడీ ఆడీ నేనప్పటికే పెద్ద కోటీశ్వరుణ్ణి. కానీ ఫోన్లో ఎదుటివాడికి ముఖం ఉండదు కదా. చేతిలో చెత్త ముక్కలు పెట్టుకుని మహారాజులా కూర్చుని పందెం పెంచుతూ పోతే, ఎదుటివాడు జంకి తన ముక్కలు పారేయాలి. ఆ పారేసే క్షణంలో వాడి కళ్ళు చూడాలని నా కోరిక. అంతకంటే పెద్ద ఆశయం అప్పట్లో నాకు లేదు.

ఆశయం బాగానే ఉంది, అది తీరే దేశంలో నేను లేను. పేక మీద డబ్బు పెట్టడం ఇక్కడ చట్టానికీ విరుద్ధం, మా మతానికీ విరుద్ధం, అన్నిటికంటే ముఖ్యంగా మా నాయనకు విరుద్ధం. కడప వైపు దూదేకుల వాళ్ళం మేము. ఇంట్లో మాట్లాడేది తెలుగే, నడిచేది నాయన మాటే. అందుకని నేను డబ్బు జోలికి పోకుండా పందెం ఖర్జూరాలతో పెట్టాను. మా వీధిలో కిరాణాకొట్టు నడిపే చిన్నాయననూ, కింద లాండ్రీ బండి తోలే డ్రైవర్ మామనూ బతిమాలి, కొట్టు వెనక గదిలో బియ్యం బస్తాల మధ్య కూర్చోబెట్టాను. చిన్నాయన ఆట మొదలైన కాసేపటికే తన పందెం తినేశాడు. అడిగితే "పుచ్చిపోతాయని తిన్నాలేరా, గింజలు ఉండాయి గదా, గింజలతో ఆడదాం" అన్నాడు. డ్రైవర్ మామ ఒక్కసారి కూడా ముక్కలు పారేయలేదు. నేను ఎంత పెంచినా "చూద్దాం తియ్యి, చేతికొచ్చినయి పారేస్తే పాపం గాదా" అనేవాడు. పైగా ఇద్దరూ ఒకరి ముక్కలు ఒకరికి చూపించుకుని సలహాలు అడుక్కునేవాళ్ళు. నా ముఖం వైపు చూసిన పాపాన పోలేదు. ఇంత సాధన చేసిన ముఖాన్ని బియ్యం బస్తాల ముందు వృథా చేస్తున్నానని నాకు నిజంగానే దుఃఖం వచ్చేది.

అదే నెలలో ఇంట్లో ఇంకో దిగులు మొదలైంది. నాయన ఏసీలు బాగుచేసే ఒక చిన్న కంపెనీలో మేస్త్రీ. దాని యజమానినే అందరూ ముదీర్ అనేవాళ్ళు. మా ఇఖామాలు, అంటే ఈ దేశంలో ఉండటానికి మా అనుమతి కార్డులు, ఆయన చేతిలోనే ఉండేవి. పని తగ్గిందని ముదీర్ ఆ ఏడాది కొందరి ఇఖామాలు పొడిగించడం లేదని, వాళ్ళకు ఖురూజ్, అంటే దేశం వదిలి పొమ్మనే ముద్ర, వేసి ఇంటికి పంపించేస్తున్నాడని తెలిసింది. నాయనకు ఖురూజ్ పడితే అమ్మకూ నాకూ కూడా పడినట్టే, నా డిగ్రీ సగంలో ఆగిపోయినట్టే. అన్నం తినేటప్పుడు అమ్మ అడిగేది, "ఆయప్ప ఏమన్నా చెప్పినాడా?" అని. "ఇంకా ఏం జెప్పలా" అనేవాడు నాయన. నా వైపు తిరిగి, "ఈ నెల నువ్వు మాత్రం గమ్మునుండు. ఎవురితోనూ ఏదీ పెట్టుకోవద్దు" అనేవాడు. నేను నా ప్రసిద్ధమైన ముఖం పెట్టి తలూపేవాణ్ణి.

ఒక శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ముదీర్ ఫోన్ చేశాడు, ఇస్తిరాహాలో ఏసీ చల్లగా రావడం లేదని. ఇస్తిరాహా అంటే ఊరి బయట ప్రహరీ కట్టి, లోపల ఒక పెద్ద హాల్లో తివాచీలు, దిండ్లు పరిచి ఉంచుకునే చోటు. సెలవురోజు మగవాళ్ళంతా అక్కడ చేరి కబుర్లు చెప్పుకుంటారు. నిచ్చెన పట్టుకోవడానికి నాయన నన్ను వెంటబెట్టుకుపోయాడు. నేను బండి మీదినుంచి నిచ్చెన దింపుతూ ఉండగా, నాయన ముందే లోపలికి వెళ్ళి ముదీర్‌తో గుమ్మం దగ్గర కాసేపు మాట్లాడాడు. నేను వెళ్ళేసరికి నాయన ముఖం ఎప్పటిలాగే ఉంది. ముదీర్, ఆయన బావమరిది, ఎప్పుడూ తస్బీహ్ పూసలు తిప్పుతూ ఉండే ఒక పెద్దాయన తివాచీ మీద కూర్చున్నారు. మధ్యలో పేక. నాలుగోవాడు బురైదాలో తన ఖర్జూరపు తోటకు పోయాడట, ఆట ఆగిపోయిందని ముగ్గురూ విసుక్కుంటున్నారు.

నాయన నిచ్చెన ఎక్కాక, ముదీర్ చూపు తిరిగి తిరిగి కింద నిచ్చెన పట్టుకున్న నా మీద ఆగింది. "యా వలద్, అబ్బాయ్, వరఖ్ ఆడతావా?" అన్నాడు. వరఖ్ అంటే పేక అని నాకు తెలుసు. నాయన నిచ్చెన మీదినుంచి వద్దన్నట్టు దగ్గాడు. ఆ దగ్గు అర్థమయ్యేలోపే నా నోరు "ఐవా, ఆడతాను" అనేసింది. ముదీర్ నిచ్చెన వైపు తలెత్తి, "వీడు బాగా ఆడతాడా?" అని నాయనను అడిగాడు. ఇక అయిపోయింది, ఇంటికి పోయాక చెప్పుల వర్షమే అనుకున్నాను. నాయన మరమేకు తిప్పుతున్నవాడు ఆగి, కిందికి చూసి, ఎంతో నెమ్మదిగా "మర్రా కువైస్. చానా బాగా ఆడతాడు" అన్నాడు. నేను పేక పట్టుకోవడం ఆయన జన్మలో చూడలేదు. అబద్ధమనేది ఆయన నోట నేను వినలేదు. అక్కడే నాకు మొదటిసారి తికమక పట్టుకుంది, ఆ సాయంత్రమంతా వదల్లేదు.

తివాచీ మీద కూర్చున్నాక రెండో తికమక. రెండు నుంచి ఆరు దాకా ముక్కలన్నీ తీసి పక్కన పడేశారు. పేక పంచడం కుడివైపు నుంచి మొదలుపెట్టారు. నన్ను ముదీర్‌కు ఎదురుగా కూర్చోబెట్టారు. ఎదురుగా కూర్చున్నవాడు శత్రువని నేను ఆయన్ని గుచ్చి గుచ్చి చూడటం మొదలుపెట్టాను. ఆయన నన్ను చూసి ఆప్యాయంగా కన్నుకొట్టాడు. నేను చలించలేదు. వాళ్ళు ఆడేది బలూత్ అని, ఈ దేశంలో ప్రతి ఇంట్లోనూ డబ్బు పెట్టకుండా ఆడే జతలాట అని, ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు ఒక జట్టని తెలిసేసరికి కొంత ఆలస్యమైంది. ఒకరు హుకుం అంటే కింద తిరగేసిన ముక్క రంగు తురుఫు అవుతుంది. అప్పుడు ఆ రంగు జాకీ ఆసును మింగేస్తుంది, తొమ్మిది కూడా మింగేస్తుంది. (జాకీ ఆసునెందుకు మింగాలో నాకు ఈరోజుకీ నచ్చజెప్పినవాళ్ళు లేరు.) బావమరిది ఇవన్నీ అరబ్బీ, హిందీ కలిపి చెబుతూ ఉంటే, ఒకటి అర్థమైనప్పుడల్లా అంతకుముందు అర్థమైంది పోయేది.

మొదటి పంపకంలో నాకన్నీ ఏడ్లూ ఎనిమిదులే వచ్చాయి. చదువుకున్నవాడిలా, శాస్త్రప్రకారం, నా ముక్కలు బోర్లించి తివాచీ మీద పెట్టేసి దిండుకు ఆనుకున్నాను. నేను పారేశాను, మీరు కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపాను. హాల్లో ఏసీ చప్పుడు కూడా ఆగిపోయింది (అది నాయన ఫ్యూజు తీయడం వల్ల కూడా కావచ్చు). తస్బీహ్ పెద్దాయన పూసలు ఆపి నన్ను చూశాడు. "ఏమైంది, నిద్రొచ్చిందా?" అని అడిగాడు ముదీర్. ముక్కలు మళ్ళీ నా చేతిలో పెట్టి, "ఇక్కడ పారేసేది లేదు. ఉన్నదాంతో చివరిదాకా ఆడాలి" అన్నాడు.

ఆ మాట విని బుద్ధి తెచ్చుకోవలసింది. నేను ఇంకొకటి తెచ్చుకున్నాను. మరి కొన్ని పంపకాలు ఎలాగో గడిచాక నా చేతికి మళ్ళీ చెత్తే వచ్చింది. పారేయడానికి లేదు కాబట్టి ఇక మిగిలింది బెదిరించడమే కదా అనిపించింది. అద్దం ముందు ఇన్నాళ్ళు నిలబడింది ఇందుకే అనుకుని, వీపు నిటారుగా పెట్టి, "హుకుం" అన్నాను. బావమరిది నన్ను ఎగాదిగా చూసి "డబల్" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పందెం పెంచడం. ఇది నాకు తెలిసిన భాష. నా వంతుకు నేనూ పెంచాను. వాళ్ళు ఇంకా పెంచారు. ముదీర్ నా ముఖంలోకి చూశాడు. అక్కడ ఏమీ కనపడలేదు. ఏమీ కనపడలేదు కాబట్టి చాలా ఉందనుకున్నాడు పాపం. నా తరఫున ఆయనే చివరి మెట్టు ఎక్కేశాడు, "గహ్వా" అని. అంటే ఆ ఒక్క పంపకంతోనే మొత్తం ఆట తేలిపోవాలి. నేను రెప్ప వేయకుండా బావమరిది కళ్ళలోకి చూస్తూ కూర్చున్నాను, ఎప్పుడు పారేస్తాడా అని. అతను జాకీ వేశాడు. తర్వాత తొమ్మిది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఇది పారేసే ఆట కాదని.

ముదీర్ దగ్గరున్న ఒక ఆసు ఒకే ఒక్క పట్టు తెచ్చింది. మిగతావన్నీ వాళ్ళవే. చివరి ముక్క కింద పడ్డాక ముదీర్ నా ముక్కలన్నీ వరసగా పేర్చి, ఎంతోసేపు చూశాడు. కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది ఆయన ముఖంలో. "నీ దగ్గర ఏమీ లేదు" అన్నాడు. లేదన్నాను. "వాళ్ళ దగ్గర దాచావు, మంచిదే. నా దగ్గర ఎందుకు దాచావు? నేను నీవాణ్ణి కదా" అన్నాడు. ఆయన నిచ్చెన వైపు తిరిగి, "బాగా ఆడతాడన్నావే?" అన్నాడు. మా ముగ్గురి ఇఖామాలూ గాల్లో గిరగిరా తిరుగుతున్నట్టు అనిపించింది నాకు. నాయన కిందికి దిగి, చేతులు తుడుచుకుంటూ, "నాకు ఆట తెలీదు ముదీర్. వాని ముఖం జూసి నమ్మినా. మీరూ నమ్మినారు గదా" అన్నాడు, తనకొచ్చిన అరబ్బీలో. ముందు తస్బీహ్ పెద్దాయన నవ్వాడు. తర్వాత బావమరిది. ఆఖరికి ముదీర్ కూడా తలపట్టుకుని నవ్వాడు.

నవ్వు ఆగాక అసలు సంగతి బయటపడింది. ఆ తివాచీ మీద వాళ్ళకొక పద్ధతి ఉందట. ఎవరితో జతకట్టి గహ్వాలో ఓడిపోతే, మళ్ళీ వాళ్ళతోనే కలిసి గెలిచేదాకా జత మార్చకూడదు. ముదీర్ ఎంత మొత్తుకున్నా మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు. "వచ్చే శుక్రవారం వీణ్ణి తీసుకురా" అన్నాడు ముదీర్ నాయనతో, మింగలేక కక్కలేక.

దారిలో బండిలో నేనే అడిగాను, "ఎందుకు నాయనా అట్ల చెప్పినావు?" అని. "నీ ముఖం జూస్తే వచ్చేట్టే ఉన్నింది గదరా" అన్నాడు. "ఇఖామా గురించి ఆయనేమన్నాడు?" అన్నాను. "ఏసీ సల్లగా వస్తాందన్నాడు" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది నాకు అసలు అర్థం కాలేదు. ఇంట్లో పేకముక్క కనిపిస్తే చింపేసే మనిషి, గురువారం వస్తే నా చొక్కా ఇస్త్రీ చేయించి తెచ్చేవాడు. చిన్నాయన దగ్గర బలూత్ బాగా తెలిసిన యెమనీ కుర్రాడు ఉన్నాడు, రెండు రోజులు కూర్చుంటే నేర్పిస్తాడు అని నేనంటే, "తొందరేముండాది? మెల్లిగా నేర్చుకో. చదువు ముఖ్యం" అనేవాడు. ముదీర్ మాత్రం ఓపిగ్గా, కన్నీళ్ళ పర్యంతమవుతూ నేర్పించాడు. మంచి ముక్కలొస్తే నేను ముఖంలో సంతోషం చూపించడం నేర్చుకోవడానికే చాలా వారాలు పట్టింది. ఈలోగా ఒకరోజు మా ఇఖామాలు పొడిగించినట్టు నాయన ఫోన్‌కు సందేశం వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడో మేమిద్దరం గెలిచాం. ముదీర్ నన్ను వాటేసుకున్నాడు. ఇంటికొచ్చి చెబితే నాయన "అప్పుడే గెలిచినారా" అన్నాడు, ఏదో నష్టమైనట్టు.

ఇప్పుడు నేను తబూక్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. నాయన ఇంకా మలాజ్‌లోనే, ఇంకా నిచ్చెనలు ఎక్కుతూనే ఉన్నాడు. మొన్న సెలవుకు వెళ్ళినప్పుడు టీ తాగుతూ ఆ శుక్రవారం సంగతి ఎత్తాను. ఇన్నేళ్ళ తర్వాత నాయన నోరు విప్పాడు. "నువ్వు నిచ్చెన దింపుతాంటే, ఆడ గుమ్మం కాడ జెప్పినాడురా ఆయప్ప, నీకు ఖురూజే, వచ్చే వారం కాగితాలు అని. అయిపోయిందనుకున్యా. నా చేతిలో ఇంగేమీ లేదు. అప్పుడు ఆయప్ప నిన్ను ఆడతావా అన్నాడు, నువ్వు ఆడతానంటివి. సరే, ఏమీ లేనప్పుడు గట్టిగా చెప్పేదానికి పోయేదేముండాది అని చానా బాగా ఆడతాడు అన్యా." టీ గ్లాసు కింద పెట్టి, "నువ్వు ఎంత మెల్లిగా నేర్చుకుంటే మనం అంత కాలం ఉంటామని లెక్కేసుకున్యా. నీ మీద నాకు నమ్మకం ఉన్నిందిలే" అన్నాడు.

నేను ఆ ముఖాన్ని చాలాసేపు చూశాను. పుట్టినప్పటినుంచీ నా ఎదురుగానే కూర్చుని అన్నం తిన్న ముఖం. ఒక్కసారి కూడా చదవలేకపోయాను. నిజమైన పోకర్ బల్ల కోసం ఊరంతా వెతికాను, అది ఆ రోజు నా నెత్తిమీద నిచ్చెన మీదే నడిచింది. అందరికంటే తక్కువ ముక్కలున్నవాడు అందరికంటే ఎక్కువ పందెం కాసి కూర్చుంటే, నేను కింద ఏడ్లూ ఎనిమిదులూ లెక్కపెట్టుకుంటున్నాను. లేచి స్నానాల గదిలోకి పోయి, ఆ పాత అద్దం ముందు నిలబడి, ఆ పాత ముఖం పెట్టడానికి ప్రయత్నించాను. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేసి, ఎంత ప్రయత్నించినా ముఖం నిలవలేదు. బయటనుంచి అమ్మ తలుపు తట్టి, "కడుపులో బాగలేదారా?" అంది.

"బాగుందమ్మా" అన్నాను.