అక్క ఒక్కపొద్దు
హైదరాబాదులో భూముల ధరలు పూటకో తీరుగా పెరుగుతున్న రోజులవి. నేను బీదర్ కాలేజీలో లెక్కలు చెప్పుకుంటూ, పీహెచ్‌డీ కోసం క్యాన్సర్ మీద సమీకరణాలు రాసుకుంటూ ఉండేదాన్ని. గడ్డ ఎంత వేగంగా పెరుగుతుంది, ఒంట్లోని రోగనిరోధక కణాలు దాన్ని ఎంత అణచగలవు, తిండి తగ్గితే ఈ రెండూ ఏమవుతాయి, ఇదే నా పని. అప్పుడే మా అక్క రొమ్ములో క్యాన్సర్ గడ్డ బయటపడింది. హైదరాబాద్‌లో విడతలుగా కీమో మందు ఎక్కించడం మొదలుపెట్టారు.

బావది గంజ్ బజారులో బెల్లం, పప్పుల హోల్‌సేల్ దుకాణం. ఓ సాయంత్రం మా ఇంటికొచ్చి, కంప్యూటర్ మీద నా గ్రాఫు చూశాడు. తిండి తగ్గించగానే గడ్డ గీత కిందికి దిగుతోంది.

"ఇగో, గంజ్‌ల అందరు జెప్పేది గిదే. తినకపోతే గడ్డ ఎండుతది. నీ లెక్క గూడ గదే చెప్తాంది."

"అయ్యో బావా, పక్క గీత గూడ చూడు! గడ్డతోని కొట్లాడే కణాలు సుత తిండిలేక చస్తున్నయ్. కొన్నాళ్లకు గడ్డ మళ్ల లేస్తది. అయినా ఇది ఉత్త లెక్క, వైద్యం కాదు."

"కొన్నాళ్ల సంగతి తర్వాత, పంతులమ్మా. ముందుగాల తగ్గుతాంది గద!"

మర్నాటి నుంచే అక్క చేత ఒక్కపొద్దు పట్టించాడు. అందరిలా వారానికో రోజు కాదు, రోజూ. ఒక్కపూటే భోజనం, అదీ తీపి లేకుండా. దేవుడి పేరు పెట్టాక మా వాళ్ళలో ఎవరి నోరు లేస్తుంది? వాడకట్టు ఆడవాళ్ళు కూడా అక్క బాగుపడాలని ఒక్కపొద్దులు మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. గిన్నెలో జావ పట్టుకుని వెళితే అక్కే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆకలైతాంది చెల్లె. గని అందరు నా కోసం ఉపాసముంటుండ్రు. నేనెట్ల దింట?"

తర్వాతి విడత మందుకు హైదరాబాద్ తీసుకెళ్ళాం. డాక్టర్ అక్క బరువు, రక్తపరీక్ష చూసి మందు ఎక్కించనన్నాడు. ఈ ఒళ్ళు తట్టుకోదు, ముందు బాగా తినిపించండి అన్నాడు. బావ ముఖం మాడిపోయింది. తిరుగు బస్సులో దారంతా దానిమ్మ గింజలు ఒలిచి అక్క నోటికందిస్తూనే ఉన్నాడు. అప్పటికి ఆమెకు మింగుడుపడటం లేదు. వానలు పడకముందే పోయింది.

మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళు ఇష్టంగా తినేవన్నీ వండి కాకులకు పెట్టడం మా ఆచారం. బావ దగ్గరుండి తీపి పూర్ణం పెట్టిన బచ్చాలు చేయించి, నెయ్యి పోసి, విస్తరి నిండా తానే సర్దాడు. పెట్టీ పెట్టగానే కాకి వాలింది.

"ముట్టింది, ముట్టింది! తృప్తిగ పోయింది తల్లి" అన్నారు ఆడవాళ్ళు.

"ఆకలితోని పోయింది" అన్నాను నేను, బావ మొహం మీదనే.