ఫ్లెక్సీ మీద లేని రాజమ్మ

నిన్న పొద్దున మా వీధి గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. "గోవిందయ్యగారి సతీమణి స్వర్గస్థులయ్యారు."

రెండుసార్లు చదివాను. ఎవరో పరాయివాళ్లనుకుని ఫోన్ పక్కన పెట్టి, కాఫీ పొడి తీస్తుంటే తట్టింది.

రాజమ్మ.

మా రాజమ్మ.

మొన్న సాయంత్రం కూడా వాచిన నా మణికట్టు చూసి, పుత్తూరు పోయి కట్టు కట్టించుకోమని కోప్పడింది.

యాభై ఏళ్ల స్నేహం. ఆమె పోయిన కబురు నాకు ఆమె పేరు లేకుండా వచ్చింది. అందుకే ఈ పోస్ట్.

డెబ్భైల చివర్లో తిరుపతిలో మా వీధి ఆడవాళ్లు మొగుడి పేరు పలికేవాళ్లు కాదు. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని భయం. రాజమ్మ కష్టం ఇంకా పెద్దది. మెట్ల దారిన కొండెక్కేటప్పుడు అందరూ "గోవిందా" అంటారు కదా. ఆమె ఒక్కతే నోరు మూసుకుని ఎక్కేది. మొగుడి పేరు గోవిందయ్య మరి.

మేమంతా నవ్వుకునేవాళ్లం. ఒక ఎలక్షన్ రోజు వరకు.

బడిలో పోలింగ్. మా వీధికి ఇద్దరు రాజమ్మలు. రెండో ఆమె ఇడ్లీ అంగడి రాజమ్మ, భర్త శ్రీనివాసులు. వచ్చింది ఏ రాజమ్మో తేల్చడానికి ఆఫీసర్ భర్త పేరు అడిగాడు.

"కొండ మీద సామి పేరే సార్" అన్నదట మా రాజమ్మ.

తిరుపతిలో ఆ గుర్తు చెబితే ఏం తేలుతుంది? సగం ఊరికి ఆ సామి పేర్లే.

"వెంకటేశులా?" అన్నాడు. కాదని తల ఊపింది. "తిరుమలయ్యా?" అన్నాడు. కాదు. వెనక లైన్‌లో గొణుగుడు మొదలైంది. లిస్టులో ముందు దొరికిన రాజమ్మ దగ్గర వేలు పెట్టి, "శ్రీనివాసులేనా? తొందరగా చెప్పమ్మా" అన్నాడు. ఈమె సిగ్గుతో ఇంకా కిందికి తల వంచింది. అది అవునని అనుకుని టిక్ పెట్టేశారు. వేలికి సిరా, చేతికి బ్యాలెట్.

నేను గది బయట లైన్‌లోనే ఉన్నాను. ఇదంతా ఆమె తర్వాత చెబితే తెలిసింది.

మధ్యాహ్నం అంగడి కట్టేసి ఇడ్లీ రాజమ్మ ఓటుకు పోతే, నీ ఓటు పడిపోయింది పొమ్మన్నారు. ఆమె తిన్నగా మా రాజమ్మ ఇంటి ముందుకొచ్చి నిలబడింది.

"మొగుడి పేరు మింగితే మింగినావు. నా ఓటు కూడా మింగల్నా అక్కా?"

మా రాజమ్మ గడప దిగి వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని బడికి నడిచింది. వెనకే నేనూ పోయాను.

లోపల పార్టీ ఏజెంట్ల బెంచీ మీద రాజమ్మ బావగారు ఉన్నారు. మామూలుగా ఆయన ఎదుట నిలబడే మనిషి కాదు. ఆ రోజు నిలబడింది.

"నా పేరు రాజమ్మ. మా ఆయన పేరు గోవిందయ్య. పొద్దున మీరు టిక్ పెట్టింది ఈమె పేరుకు. ఈమె ఓటు ఈమెకీండి సార్."

బావగారు పక్కవాళ్ల వైపు తిరిగి, "విన్నారా అప్పా, మా తమ్ముడికి పెండ్లామే పేరు పెట్టింది" అన్నారు. బెంచీ అంతా నవ్వింది.

ఆఫీసర్ రూల్స్ పుస్తకం తిరగేసి ఇడ్లీ రాజమ్మకు బ్యాలెట్ ఇచ్చాడు. ఇచ్చాడు కానీ, పెట్టెలో వెయ్యనివ్వలేదు. విడిగా ఒక కవర్లో పెట్టాడు. మామూలుగా అలాంటి ఓటు లెక్కలోకి రాదు. పెట్టెలో ఎందుకు వెయ్యరని ఆమె అడిగితే, రూలమ్మా అన్నాడు.

బడిలో లెక్కల టీచర్‌గా రిటైరైనదాన్ని. ఆ లెక్క నాకు ఇప్పటికీ సరిపోలేదు.

ఇంట్లో అత్తగారు చాలాకాలం రాజమ్మతో మాట్లాడలేదు, కొడుకు ఆయుష్షు తీసిందని. ఆ కొడుకు ఎనభై దాటి బతికాడు. ఈ మాట కూడా రికార్డులో ఉండాలి.

ఆ తర్వాత ప్రతి ఎలక్షన్ ముందూ వీధిలో కొత్త కోడళ్లను తన వరండాలో కూర్చోబెట్టి భర్తల పేర్లు పైకి చెప్పించేది. ఇడ్లీ రాజమ్మ పక్కనే కూర్చుని, "గట్టిగా చెప్పు పాపా, మీ ఆయన యాడికీ పోడు" అనేది.

అలా ఒక్కో నోరూ తెరుచుకుంది. ఓటు హక్కు మాకు రాజ్యాంగం రాసినప్పుడే వచ్చింది. మా వీధి దాకా రావడానికి అన్నేళ్లు పట్టింది. ఎనభైలలో ఆస్తిలో ఆడపిల్లకు భాగమన్నారు, అప్పటికే పెళ్లైపోయినవాళ్లకు లేదన్నారు. పద్దెనిమిదేళ్లకే ఓటన్నారు. ఆ ఓటు ఈ కాలం పిల్లలకు హాలిడే. ఏది వచ్చినా సగమే వస్తుంది. మిగతా సగం ఎవరో ఒకరు బడికి నడిచి తెచ్చుకోవాలి.

నిన్న సాయంత్రం వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. పెద్ద ఫోటో. కింద "కీ.శే. గోవిందయ్యగారి ధర్మపత్ని". కొడుకుల పేర్లున్నాయి, మనవళ్ల పేర్లున్నాయి, ప్రింట్ వేసిన షాపు పేరు కూడా ఉంది.

ఇడ్లీ రాజమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. ఆమెకు చదువు రాదు.

"ఈడ ఆమె పేరు యాడుండాది టీచరమ్మా?"

లేదన్నాను.



"ఈసారి వీళ్లు మింగినారు" అంది.

బ్యాగ్‌లో మార్కర్ ఉంది. ఫోటో కింద పెద్ద అక్షరాలతో రాశాను: రాజమ్మ. మా రాజమ్మ పెద్దబ్బాయి చూశాడు, ఏమీ అనలేదు. అనివుంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని.

పాడె లేచినప్పుడు అందరూ గోవిందా అన్నారు. మేమిద్దరం రాజమ్మా అన్నాం.

పోయిరా రాజమ్మా. ఈసారి ఎవరైనా పేరు అడిగితే తల వంచకు. అక్కడైనా నీకు నెమ్మది దొరకాలి.