జాబితాలో తమ్ముడి పేరు

లాక్‌డౌన్ మొదలైన ఏడాది, జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో నేనూ వరంగల్‌లో తమ్ముడూ పరుగు లెక్కించే వాచీలు ఒకే రకానివి కొనుక్కున్నాం. ఎవరెంత నడిచామో, పరిగెత్తామో ఇద్దరి ఫోన్లలోనూ పేర్ల జాబితాలో కనిపించేది. ఆదివారం ఫోన్ చేసి, "అక్కా, ఈ వారం గూడ నువ్వే ఎనుక" అనేవాడు.

"ఇక్కడ చలిరా."

"చలైతే ఇంక జోరుగ ఉరకాలె గద."

మరుసటి ఎండాకాలం వాడికి జ్వరం వచ్చింది. మూడు రోజులు జాబితాలో వాడి పేరు పక్కన సున్నా. నాలుగో రోజు మూడు వందల మీటర్లు. మంచం దొరికాక ఆసుపత్రిలోకి తనే నడిచి వెళ్లాడని తర్వాత తెలిసింది. పదకొండో రోజు పొద్దున మరదలు ఫోన్ చేసి "వదినా" అని ఆగిపోయింది. ప్రయాణానికి వీల్లేదు. దహనం ఫోన్‌లో చూస్తుంటే మధ్యలో సిగ్నల్ పోయింది. మళ్లీ కలపలేదు.

మర్నాడు బూట్లు వేసుకుని అడవి దారిన పరిగెత్తాను. ఏడుపు వస్తుందేమోననుకున్నాను, రాలేదు. ఇంటికొచ్చి చూస్తే పన్నెండు కిలోమీటర్లు. అంత దూరం ఎన్నడూ వెళ్లలేదు. దారిలో ఏం చూశానో గుర్తులేదు. స్నానం చేసి తొమ్మిదింటి మీటింగులో కూర్చున్నాను. ఎలా ఉన్నావని ఎవరో అడిగితే బాగానే ఉన్నానన్నాను.

జాబితాలోంచి వాడి పేరు తీసేయాలనీ అనిపించలేదు, ఉంచాలనీ అనిపించలేదు.

కొన్ని నెలల తర్వాత, టీకా టెర్మిన్‌కి, వాళ్లిచ్చిన సమయానికి వెళ్లి వరుసలో నిలబడి ఫోన్ చూస్తే, వాడి పేరు పక్కన రెండు కిలోమీటర్లు. వరుసలోంచి పక్కకొచ్చి మరదలికి ఫోన్ చేశాను.

"ఆ వాచీ నువ్వు పెట్టుకున్నవా?"

"అవు వదినా. షుగర్ ఎక్కువున్నదట, రోజూ నడువుమన్నడు డాక్టరు. ఇంట్ల ఉత్తగనే ఉన్నది గదాని పెట్టుకున్న. తియ్యమంటవా?"

"వద్దు."

"పేరు మార్చుడు నాకు తెల్వది."

"ఉండనీ. నువ్వు నడువు."

మళ్లీ వరుస చివరకు వెళ్లి నిలబడ్డాను.

చలికాలం మొదట్లో వరంగల్ ప్రయాణం కుదిరింది. పొద్దున్నే మరదలితో కలిసి కాలేజీ మైదానం చుట్టూ నడిచాను. మాత్రల గురించి, కురుస్తున్న వంటింటి కప్పు గురించి చెప్పింది. వాడి మాట ఇద్దరం ఎత్తలేదు. నాలుగో చుట్టులో ఆమె అడుగు నెమ్మదించి, "జర కూసుందామా వదినా" అంది. గట్టు మీద కూర్చున్నాం. జాబితాలో వాడి పేరు పక్కనా నా పేరు పక్కనా ఆ పూట ఒకే దూరం ఉంది.